బీపీ బిళ్ల ఎక్కడ పనిచేస్తుందో తెలిసినవాళ్లు దాన్ని మానరు

ప్రభుత్వ ఆసుపత్రిలో మందుల కిటికీ వెనక నిలబడి ఉద్యోగమంతా గడిపినవాణ్ణి నేను. ఊరు రావికమతం. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. కాగితాల మీద ఫార్మసిస్టునే గానీ మా చుట్టుపక్కల అందరికీ కంపౌండరు బాబుని. రిటైరయ్యాక కూడా సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఎవరో ఒకరు మందుల కవరు పట్టుకుని వస్తారు. ఎక్కువమంది అడిగేది బీపీ బిళ్లల గురించే. మా మండలంలో ఇప్పుడు తిరుగుతున్న ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, ఇంట్లో పెద్దవాళ్ల మందులు చూసుకునే కొడుకులూ కోడళ్లూ చదువుతారని ఇది రాస్తున్నాను. మందు మార్చుకోమని గానీ మానెయ్యమని గానీ ఇందులో ఎక్కడా చెప్పను, అది డాక్టరు పని. ఆ బిళ్ల ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో చెబుతాను. అది తెలిసినవాళ్లు మందు మధ్యలో వదిలెయ్యడం నేను చాలా తక్కువ చూశాను.

1. నొప్పి లేని జబ్బుకి మందు మింగించడం అన్నిటికన్నా కష్టం.

జ్వరానికి బిళ్ల ఇస్తే మర్నాటికి మనిషి లేచి తిరుగుతాడు, మందు మీద గురి కుదురుతుంది. బీపీకి అలాంటిదేమీ ఉండదు. బిళ్ల వేసుకున్నా అదే ఒళ్లు, వేసుకోకపోయినా అదే ఒళ్లు. "నాకేటీ నొప్పి నేదు గదా బాబూ, ఎందుకేసుకోవాల?" అని అడిగినవాళ్లని కసరకూడదు. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా చేతిలో అట్ట పెట్టి పంపిస్తే, ఆ అట్ట చూరులో దోపుతారు.

మందే లేని రోజులు ఎలా ఉండేవో చెప్పి చూడండి. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మెదడులో రక్తస్రావమై చనిపోయాడు. ఆ రోజు ఆయన బీపీ 300/190. డాక్టరు పక్కనే ఉన్నాడు గానీ ఇవ్వడానికి పనికొచ్చే మందు లేదు. అంత పెద్ద దేశం అధ్యక్షుడికి దొరకని మందుని ఇవాళ మన గర్నికంలో, మేడివాడలో 104 బండి దగ్గర డబ్బు తీసుకోకుండా ఇస్తున్నారు.

"కష్టపడేవాళ్లకి బీపీ ఏటొస్తాది" అనే మాట కూడా వినబడుతూ ఉంటుంది. దాన్ని అక్కడికక్కడే ఖండించాలి. 2003, 2004 సంవత్సరాల్లో ఉభయగోదావరి జిల్లాల్లో 45 ఊళ్లు తీసుకుని, ఏడాది పొడుగునా జరిగిన మరణాలకి కారణాలు ఇంటింటికీ వెళ్లి విచారించారు. దాదాపు మూడో వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. ఆ ఊళ్లలో ఉన్నదీ మనలాంటి వ్యవసాయదారులే.

2. బీపీలో గుండె పాత్ర అందరికీ తెలుసు, కిడ్నీ పెత్తనం తెలియదు.

కల్యాణపులోవ ఆయకట్టు రైతుకి ఇది చెప్పడం తేలిక. కాలువలో నీళ్లు తగ్గితే శివారు రైతు లస్కరుకి కబురు పెడతాడు. లస్కరు తూము ఎత్తుతాడు. కాలువ నిండుతుంది. మన ఒంట్లో కిడ్నీ ఆ శివారు రైతు లాంటిది. తన దాకా వచ్చే రక్తంలో ఒత్తిడి తగ్గినా, తన గొట్టాల్లోంచి పోయే ఉప్పు తగ్గినా, భయానికో ఆందోళనకో నరాలు తొందరపెట్టినా కబురు పంపేస్తుంది. ఆ కబురు పేరే రెనిన్.

ఇంకాస్త దగ్గరగా చూద్దాం. కిడ్నీలో వడపోత గుత్తుల్లోకి రక్తం తెచ్చే సన్నటి నాళాలు ఉంటాయి. వాటి గోడల్లో ఉండే ప్రత్యేకమైన కణాలు రెనిన్‌ని తయారుచేసి నిలవ ఉంచుకుని, అవసరమైనప్పుడు రక్తంలోకి వదుల్తాయి. రెనిన్ ఒక ఎంజైము. లివరు తయారుచేసే యాంజియోటెన్సినోజెన్ అనే ప్రోటీను రక్తంలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. రెనిన్ దాని కొస తెంపుతుంది. తెగిన ఆ చిన్న ముక్క యాంజియోటెన్సిన్ 1. దానివల్ల పెద్దగా జరిగేదేమీ లేదు. అది ఊపిరితిత్తుల్లోంచి పోయేటప్పుడు అక్కడి నాళాల గోడల మీద ఉండే ఏసీఈ అనే ఇంకో ఎంజైము దాన్ని మరికాస్త కత్తిరిస్తుంది. అప్పుడు తయారయ్యేది యాంజియోటెన్సిన్ 2. బలమంతా దీనిదే. రక్తనాళాలు బిగుసుకునేలా చేస్తుంది. కిడ్నీల మీద కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథుల చేత ఆల్డోస్టిరాన్ విడుదల చేయిస్తుంది. ఆ ఆల్డోస్టిరాన్ ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలబెట్టి, పొటాషియాన్ని మూత్రంలోకి పంపుతుంది. యాంజియోటెన్సిన్ 2 దాహం కూడా పుట్టిస్తుంది. నాళాలు బిగుసుకుని, లోపల నీరు పెరిగితే ఒత్తిడి పెరగక ఏమవుతుంది!

ఈ ఏర్పాటు మనకి శత్రువేమీ కాదు. కత్తి గాటు పడి రక్తం కారిపోయినప్పుడు, వాంతులూ విరేచనాలూ అయి ఒళ్లు ఎండిపోయినప్పుడు మనిషిని నిలబెట్టేది ఇదే. కాలువ నిండుగా ఉన్నా తూము దింపకుండా వదిలేస్తేనే జబ్బు. ఏళ్ల తరబడి అలా ఉంటే గుండె గోడ మందమవుతుంది, కిడ్నీ వడపోత చెడుతుంది, మెదడులో ఏదో ఒక సన్నటి నాళం చిట్లడమో పూడిపోవడమో జరుగుతుంది.

3. ఒక మందు వెనక ఎంతమంది జీవితాలున్నాయో తెలిస్తే దాన్ని చులకనగా చూడలేం.

1898లో స్టాక్‌హోమ్ నగరంలోని కరోలిన్‌స్కా సంస్థలో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు కిడ్నీని నలిపి, ఆ రసాన్ని ఇంకో కుందేలు రక్తంలోకి ఎక్కించారు. దాని బీపీ పెరిగింది. అందులో ఉన్న పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934లో అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్క కిడ్నీకి వెళ్లే రక్తనాళానికి చిన్న క్లిప్పు బిగించి, నాళం ఇరుకైతే బీపీ ఎక్కుతుందని చూపించాడు. అప్పుడు రెనిన్ మళ్లీ గుర్తొచ్చింది. 1940 ప్రాంతంలో అర్జెంటీనాలో ఒక బృందం, అమెరికాలో ఒక బృందం ఒకరికొకరు తెలియకుండానే యాంజియోటెన్సిన్‌ని పట్టుకున్నాయి. 1950లలో లియొనార్డ్ స్కెగ్స్ ఏసీఈని కనుక్కున్నాడు. ఈ వరసలో మొదటి మెట్టు రెనిన్ కాబట్టి దాన్ని ఆపడమే మేలైన దారి అని 1957లోనే అన్నాడాయన.

కానీ ముందు దొరికింది రెండో మెట్టుని ఆపే మందు. బ్రెజిల్ అడవుల్లో జరరాక అనే రక్తపింజరి జాతి పాము ఉంటుంది. అది కాటేస్తే బీపీ పడిపోతుంది. ఆ విషంలోని పదార్థాల మీద సెర్జియో ఫెరీరా చేసిన పని ఆధారంగా అమెరికాలో కుష్‌మన్, ఒండెట్టి అనే శాస్త్రవేత్తలు కాప్టోప్రిల్ తయారుచేశారు. 1981లో అది అక్కడి మార్కెట్‌లోకి వచ్చింది. 1995లో మూడో మెట్టు దగ్గర ఆపే లోసార్టాన్ వచ్చింది.

రెనిన్‌ని ఆపడం మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. తొలిరోజుల్లో తయారుచేసిన పదార్థాలు సూదిగా ఇస్తే పనిచేసేవి, మింగిస్తే పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కేవి కావు. పైగా మనిషి రెనిన్‌కి సరిపోయే మందు ఎలుక రెనిన్ మీద సరిగా పనిచేయదు. అందుకని మార్మోసెట్ అనే చిన్న కోతుల మీద పరీక్షించాల్సి వచ్చింది. చివరికి రెనిన్ అణువు ఆకారాన్ని ఎక్స్‌రే కిరణాలతో చూసి, అది యాంజియోటెన్సినోజెన్‌ని పట్టుకునే చోట అతికినట్టు సరిపోయే మందుని స్విట్జర్లాండ్‌లో కంప్యూటర్ మీద రూపుదిద్దారు. అదే అలిస్కిరెన్. 2007 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆమోదించింది. రెనిన్ దొరికిన 109 ఏళ్లకి దాన్ని నేరుగా పట్టే బిళ్ల వచ్చింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అడెల్ఫేన్ బిళ్ల ఇచ్చేవాళ్లం. అందులో రెసెర్పిన్ ఉండేది. మన సర్పగంధి వేరులోంచి 1952లో వేరుచేసిన మందు అది. బొంబాయి డాక్టరు రుస్తుం జల్ వకీల్ 1949లో సర్పగంధి మీద రాసిన వ్యాసం వల్లే దాని సంగతి ప్రపంచానికి తెలిసింది. బీపీ తగ్గించేది గానీ, ముక్కు దిబ్బడ, మత్తు, కొందరికి మనసులో దిగులు కూడా తెచ్చేది. ఆ రోజులు చూసినవాణ్ణి కాబట్టే ఇప్పటి బిళ్లల విలువ నాకు తెలుసు.

4. మందు పేరు తోక చూడండి, అది ఎక్కడ పనిచేస్తుందో తెలుస్తుంది.

పేరు చివర ప్రిల్ అని ఉంటే, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి, ఏసీఈని ఆపుతాయి. సార్టాన్ అని ఉంటే, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటివి, యాంజియోటెన్సిన్ 2 తయారైనా దాన్ని నాళాల గోడల మీద కూర్చోనివ్వవు. కిరెన్ అని ఉంటే రెనిన్ దగ్గరే ఆపుతుంది. వాడకంలో ఉన్నది అలిస్కిరెన్ ఒక్కటే. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు కూడా కిడ్నీ రెనిన్ విడుదల చెయ్యడాన్ని కొంత తగ్గిస్తాయి గానీ వాటి ప్రధానమైన పని గుండె మీద.

అలిస్కిరెన్‌కీ మిగతావాటికీ ఉన్న తేడా ఆసక్తికరమైనది. యాంజియోటెన్సిన్ 2 సరిపడా ఉంటే రెనిన్ విడుదల దానంతటదే తగ్గుతుంది. ప్రిల్ గానీ సార్టాన్ గానీ వేసుకుంటే ఆ అదుపు తప్పి, కిడ్నీ ఇంకా ఎక్కువ రెనిన్ వదుల్తుంది. దాంతో యాంజియోటెన్సిన్ 1 కుప్పపడుతుంది. ఏసీఈ మూసుకుపోయినా ఇంకో ఎంజైము సాయంతో కొంత యాంజియోటెన్సిన్ 2 తయారవుతూనే ఉంటుంది. అలిస్కిరెన్ వేసుకున్నా కిడ్నీ ఎక్కువ రెనిన్ వదుల్తుంది, కాని ఆ రెనిన్ పని చెయ్యలేదు, దాని కోసే చోట మందు అడ్డంగా కూర్చుని ఉంటుంది. రక్తపరీక్షలో రెనిన్ పరిమాణం పెరిగి, దాని పని మాత్రం తగ్గి కనిపిస్తుంది.

అలిస్కిరెన్ మోతాదు రోజుకి ఒకసారి 150 మిల్లీగ్రాములు, చాలకపోతే 300. ప్రభావంలో ఎక్కువ భాగం రెండు వారాల్లో కనిపిస్తుంది. ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి ఒకపూట ఆలస్యమైనా బీపీ అమాంతం ఎగిరిపోదు. మింగిన బిళ్లలో రక్తంలోకి చేరేది నూటికి రెండున్నర వంతులే. నూనె, నెయ్యి ఎక్కువున్న భోజనంతో వేసుకుంటే అందులోనూ మూడింట రెండొంతులకు పైగా తగ్గిపోతుంది. అందుకే ఒక రోజు పరగడుపున, ఒక రోజు పెళ్లి భోజనం మీద వేసుకోకూడదు. ఏ వేళకి, ఏ తిండితో మొదలుపెడితే రోజూ అలాగే.

బీపీ తగ్గించడంలో ఇది ప్రిల్, సార్టాన్‌లకి సమానంగా నిలిచింది. వాటికన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని మాత్రం రుజువు కాలేదు. మన దేశపు 2022 నిత్యావసర మందుల జాబితాలో ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ ఉన్నాయి, అలిస్కిరెన్ లేదు. మన పల్లెల్లో చేతికందే టెల్మిసార్టాన్ కూడా అదే కాలువ మీద కిందివైపు తూము. పెద్ద మందు మనకి దొరకలేదని ఎవరూ బాధపడక్కర్లేదు.

5. ఒకే కాలువకి రెండు చోట్ల అడ్డు వెయ్యొద్దు.

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

చీమలపాడు వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చి అరుగు మీద పాలిథిన్ కవరు బోర్లించింది. అందులో కత్తిరించిన అట్టలు. ఒక అట్టలో రెండు బిళ్లలు, ఇంకోదాంట్లో అయిదు. వెనకవైపు రేకు మీద పేరు సగం తెగిపోయి, ఒకదాని మీద చివరి అక్షరాలు, 40 అనే అంకె మాత్రం మిగిలాయి. "ఇది నర్సీపట్నంలో రాసినారు, ఇది పట్నంలో రాసినారు, రెండూ బీపీకే బాబూ, రెండూ ఏస్తన్నాను." అద్దం పెట్టుకుని చూస్తే ఒకటి టెల్మిసార్టాన్, ఇంకోటి రామిప్రిల్. ఇద్దరు డాక్టర్లూ మంచి మందే రాశారు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు, అంతే. ఆమెని ఆ కవరుతో సహా మర్నాడే డాక్టరు దగ్గరికి పంపించాను. ఆయన ఒకటి తీసేశారు.

రెండు చోట్ల ఆపితే రెట్టింపు లాభం వస్తుందని పెద్ద పెద్ద డాక్టర్లే ఆశపడ్డారు. అందుకే పరీక్షలు పెట్టారు. 2008లో వచ్చిన ఆన్‌టార్గెట్ అధ్యయనంలో టెల్మిసార్టాన్, రామిప్రిల్ కలిపి ఇస్తే అదనపు మేలు కనబడలేదు, కిడ్నీ ఇబ్బందులు, బీపీ మరీ పడిపోవడం పెరిగాయి. అలిస్కిరెన్ విషయంలో ఆల్టిట్యూడ్ అని ఇంకో అధ్యయనం జరిగింది. షుగరుతో పాటు కిడ్నీ జబ్బో గుండె జబ్బో ఉన్న 8,500 మందికి పైగా అందులో ఉన్నారు. అప్పటికే ప్రిల్ గానీ సార్టాన్ గానీ వాడుతున్నవాళ్లకి పైన అలిస్కిరెన్ కలిపి చూశారు. మేలు జరక్కపోగా పొటాషియం పెరగడం, బీపీ పడిపోవడం, కిడ్నీ ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. పక్షవాతం కేసులు కూడా ఎక్కువ కనిపించేసరికి ఆందోళనపడి 2011 డిసెంబరులో ఆపేశారు. 2012లో అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు షుగరు ఉన్నవాళ్లకి ఈ జత పనికిరాదని స్పష్టంగా చెప్పాయి.

కారణం ఊహించడం కష్టం కాదు. ఈ వరస మొత్తం మూసుకుపోతే, నిజంగా అవసరమైన రోజున కిడ్నీ కబురు ఎవరికీ అందదు.

కాబట్టి రెండు మందుల పేర్లలో ప్రిల్, సార్టాన్, కిరెన్ తోకల్లో ఏ రెండు కనబడ్డా డాక్టర్ని అడిగి తీరాలి. ఇంకో మాట. అట్టని కత్తిరించేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న వైపు మిగిల్చి, రెండోవైపు నుంచి బిళ్లలు వాడండి.

6. ఆగని పొడిదగ్గుకి టానిక్కు కొనేముందు బీపీ బిళ్ల పేరు చూడండి.

ఏసీఈ అనే ఎంజైముకి ఇంకో పని కూడా ఉంది. బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని అది విరిచేస్తుంది. ప్రిల్ మందు ఏసీఈని ఆపితే బ్రాడీకైనిన్ పోగుపడి, కొందరికి గొంతులో గరగర, రాత్రిళ్లు పొడిదగ్గు వస్తాయి. కఫం ఉండదు, జ్వరం ఉండదు. సార్టాన్‌లూ, అలిస్కిరెన్ ఏసీఈ జోలికి పోవు కాబట్టి వాటితో ఈ దగ్గు చాలా తక్కువ. డాక్టరుకి చెబితే మందు మారుస్తారు. అలాగని రెండు వారాలు దాటిన దగ్గుని బీపీ బిళ్ల మీదికి నెట్టేసి ఊరుకోకండి, కళ్లె పరీక్ష కూడా చేయించండి. ఏ మందుతోనైనా పెదవులు, నాలుక, ముఖం ఉబ్బితే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

7. చెరకు నరికిన రాత్రి నొప్పి బిళ్ల.

మా ప్రాంతంలో చెరకు కొట్టే రోజుల్లో నడుం నొప్పి లేని ఇల్లుండదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి. కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే పదార్థాలు కొన్ని ఉన్నాయి. నొప్పి బిళ్ల వాటిని తగ్గిస్తుంది. ప్రిల్, సార్టాన్, అలిస్కిరెన్ ఏదైనా కిడ్నీలోంచి రక్తం బయటికిపోయే నాళాన్ని వదులు చేస్తుంది. వచ్చేది తగ్గి, పోయేది పెరిగితే వడపోతకి కావలసిన ఒత్తిడి మిగలదు. దీనికి మూత్రం ఎక్కువ పోయించే బిళ్ల కూడా తోడైతే మరీ ప్రమాదం. బీపీ మందు వాడేవాళ్లు నొప్పికి ముందు పారాసిటమాల్ అడగండి. సూది వేసేవాళ్లకి మీరు బీపీ బిళ్ల వాడుతున్నట్టు నోరు తెరిచి చెప్పండి. వాళ్లు అడుగుతారని చూడొద్దు.

8. మే నెలలో ఉపాధి పనికి వెళ్లేవాళ్ల సంగతి.

ఎండలో చెమట కారిపోయినప్పుడూ, విరేచనాలైనప్పుడూ ఒంట్లో నీరు తగ్గుతుంది. కిడ్నీ రెనిన్ పంపి బీపీని నిలబెట్టాలని చూస్తుంది. మందు ఆ దారి మూసేసి ఉంటుంది. కళ్లు తిరిగి గట్టు మీద కూలబడతారు, మూత్రం తగ్గిపోతుంది. అలాంటి రోజుల్లో ఓఆర్ఎస్ తాగుతూ, ఆ పూట బిళ్ల వేసుకోవాలో వద్దో ఏఎన్‌ఎం ద్వారా డాక్టర్ని అడగండి. రెండు మూడు రోజులు ఆపమని వాళ్లు చెప్పొచ్చు. తేరుకున్నాక మళ్లీ మొదలుపెట్టడం మాత్రం మరిచిపోకూడదు. అలా ఒక్కసారి ఆపి మందు శాశ్వతంగా మానేసినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. వాళ్లలో కొందరిని తర్వాత మంచం మీద చూశాను.

9. ఉప్పు ఎక్కువ తినేవాళ్ల ఒంట్లో రెనిన్ ముందే తగ్గి ఉంటుంది.

ఇది చాలామందికి తెలియని సంగతి. ఒంట్లో ఉప్పూ నీరూ దండిగా ఉంటే కిడ్నీ కబురు పంపాల్సిన పనేముంది? అలాంటి మనిషికి రెనిన్ దారిని ఆపే మందు ఒక్కటే ఇస్తే బీపీ ఆశించినంత తగ్గదు. "బిళ్ల పనిచెయ్యడం నేదు" అంటారు. బిళ్లలో లోపం లేదు, ఆవకాయలో, ఉప్పుచేపలో, చల్ల మిరపకాయల్లో, అప్పడాల్లో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే చిన్న చెంచాడు. ఆంధ్రప్రదేశ్‌లో మూత్రపరీక్షలతో లెక్కగట్టినప్పుడు మన సగటు 9 గ్రాములు దాటింది.

డాక్టర్లు సార్టాన్‌తో పాటు మూత్రం పోయించే మందు కలిపి ఎందుకు రాస్తారో కూడా ఇక్కడే తెలుస్తుంది. అట్ట మీద పేరు చివర హెచ్ అని ఉంటే సాధారణంగా అదే. మూత్రం మందు ఉప్పుని బయటికి పంపుతుంది. ఉప్పు తగ్గగానే కిడ్నీ రెనిన్ పెంచుతుంది. ఆ పెరుగుదలని సార్టాన్ గానీ అలిస్కిరెన్ గానీ అడ్డుకుంటుంది. ఒకటి చేసిన పనిని శరీరం చెరిపెయ్యకుండా ఇంకొకటి కాపలా కాస్తుంది. ఆమ్లోడిపిన్‌తో జత కూడా మంచిదే, అది నేరుగా నాళాల గోడల్ని వదులు చేస్తుంది.

బజార్లో సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అది మేలే. కిడ్నీ జబ్బు ఉండి ఈ మందులు వాడేవాళ్లకి మాత్రం పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. వాళ్లు రోజూ కొబ్బరినీళ్లు తాగే ముందు కూడా డాక్టర్ని అడగాలి.

10. కడుపుతో ఉన్న పిల్లకి ఈ మూడు తోకల మందులూ పనికిరావు.

కడుపులో బిడ్డ కిడ్నీలు సరిగా ఎదగడానికి ఈ రెనిన్ వ్యవస్థ కావాలి. మందు దాన్ని ఆపితే ఉమ్మనీరు తగ్గుతుంది, బిడ్డకి ప్రాణగండం కూడా కావచ్చు. బీపీ మందు వాడుతున్న ఆడపిల్ల నెల తప్పగానే, వీలైతే పిల్లలు కావాలనుకున్నప్పుడే చెప్పాలి. లాబెటలాల్, మిథైల్‌డోపా, నిఫెడిపిన్ లాంటివి ఉన్నాయి. ఆశా అమ్మాయిలు ఇంటికి వెళ్లినప్పుడు ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి, తల్లీ.

11. "బీపీ బిళ్లలు కిడ్నీల్ని తినేస్తాయంట."

ఈ పుకారు మా వైపు గట్టిగా పాతుకుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుతో ఊళ్లకి ఊళ్లు పడిన కష్టం మనందరికీ తెలుసు. మన బంధుత్వాలు అటూ ఉన్నాయి. అక్కడి రోగుల్లో చాలామందికి షుగరూ లేదు, ముందునుంచీ బీపీ కూడా లేదు. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. దాన్ని బీపీ బిళ్లలతో ముడిపెట్టడం అన్యాయం. అదుపులో లేని బీపీయే కిడ్నీని పాడుచేస్తుంది. మూత్రంలో ప్రోటీను పోతున్న షుగరు రోగికి ప్రిల్, సార్టాన్‌లు కిడ్నీని కాపాడతాయని రుజువైంది.

పుకారు పుట్టడానికి ఒక కారణం ఉంది. మందు మొదలుపెట్టిన కొత్తలో రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ కాస్త పెరిగి కనబడొచ్చు. వడపోత గుత్తిలో ఒత్తిడి దిగడం వల్ల అలా అవుతుంది, ఆ దిగడమే ముందు ముందు దాన్ని కాపాడేది. 30 శాతం కన్నా ఎక్కువ పెరిగితే, లేదా పొటాషియం పెరిగితే డాక్టరు ఆలోచిస్తారు. రెండు కిడ్నీల నాళాలూ ఇరుకైనవాళ్లకి ఈ మందులు పడకపోవడం కూడా ఆ పరీక్షలోనే బయటపడుతుంది. అందుకే మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకీ, మోతాదు పెంచినప్పుడూ ఈ రెండు పరీక్షలూ చేయించండి. ఆ కాగితం పారెయ్యకండి. తర్వాతి కాగితంతో పోల్చుకోవాలి.

12. కొలత తప్పయితే మందూ తప్పే.

నడిచొచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టకండి. అయిదు నిమిషాలు కూర్చోనివ్వండి. వీపుకి ఆనిక, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద. పట్టీ కింద జాకెట్టు చెయ్యి గానీ చొక్కా చెయ్యి గానీ ఉండకూడదు. కొలిచేటప్పుడు మాటలొద్దు. అంతకు ముందు అరగంటలో టీ, చుట్ట ఉండకూడదు. మా వైపు అడ్డపొగ తాగే అమ్మలు ఇంకా ఉన్నారు, వాళ్లని ప్రత్యేకంగా అడగండి. రెండుసార్లు చూసి రెండూ రాయండి. మందు వాడుతూ 140/90 కిందికి వచ్చిందంటే బిళ్ల పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. "తగ్గిపోనాది గదా" అని మానేస్తే కొద్ది రోజుల్లోనే అంకె పాత చోటికి వచ్చి కూర్చుంటుంది.

13. కొత్తవి వస్తున్నాయి, అందాక ఉన్నది జాగ్రత్తగా వాడుకోవాలి.

రెనిన్‌కన్నా పైమెట్టుకి కూడా ఇప్పుడు వెళ్తున్నారు. జిలెబెసిరాన్ అనే సూదిమందు లివరులో యాంజియోటెన్సినోజెన్ తయారీనే తగ్గించేస్తుంది. రెనిన్ ఉన్నా కోయడానికి సరుకు ఉండదు. ఒక్క సూదితో ఆర్నెల్ల దాకా బీపీ తగ్గి ఉండటం 2023లో ఫలితాలు వచ్చిన అధ్యయనంలో కనిపించింది. ఇంకా పరీక్షల దశలోనే ఉంది. అవసరమైనప్పుడు దాని ప్రభావాన్ని వెనక్కి తిప్పడం ఎలాగన్నది కూడా తేల్చుకోవాలి. రోజూ బిళ్ల వేసుకోవడం మరిచిపోయే మన పెద్దవాళ్లకి అలాంటిది నిజంగా వస్తే ఎంత బాగుంటుందో!

అందాకా రోజూ వేసుకునే బిళ్లే దిక్కు. 104 బండి వచ్చే రోజు గోడ మీది క్యాలెండర్లో గుర్తు పెట్టించండి. వలస వెళ్లేవాళ్లకీ, కూతురింటికి వెళ్లే ముసలివాళ్లకీ సరిపడా అట్టలు ముందే అడిగి ఇప్పించండి. బండి ఏ నెలైనా ఆలస్యమయ్యేలా ఉంటే, ఇంట్లో వారానికి సరిపడా బిళ్లలు మిగిలి ఉండగానే పీహెచ్‌సీకి కబురు చేయించండి.